పొయ్యి వెలిగే పాతిల్లు

పాతకాలపు ఇంటిని కాపాడుతున్నామనే వాళ్లు ముందు దాని వంటింట్లోకి వెళ్లి చూడాలి. ఫిలిప్పీన్స్‌లోని క్వెజోన్ ప్రావిన్స్‌లో ఏటా మే 15న జరిగే ఫియెస్తా పండుగ చెప్పేది ఇదే. రైతుల రక్షకుడిగా కొలిచే సాన్ ఇసిద్రోకి కృతజ్ఞతగా ఆ రోజు లుక్బాన్ పట్టణం ఇళ్ల ముంగిళ్లను కూరగాయలతో, పళ్లతో, కిపింగ్‌తో ముస్తాబు చేస్తుంది. కాఫీ ఆకుల మీద రంగు కలిపిన బియ్యప్పిండిని జారుగా పూసి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఒలుస్తారు. ఈనెలతో సహా ఆకు అచ్చుపడిన ఆ పల్చటి రేకే కిపింగ్. పండుగయ్యాక వేయించుకుంటే అప్పడంలా కరకరలాడుతుంది. వీధిలో అరటాకు ముక్కలో పెట్టిచ్చే పాన్సిత్ హబ్‌హబ్ నూడుల్స్‌ మీద వెనిగర్ చిలకరించుకుని, చెంచా లేకుండా ఆకునే నోటి దగ్గర పెట్టుకుని తినేస్తారు. అదే రోజు సరియాయాలో, కొబ్బరి సంపదతో లేచిన పాత భవనాల ముందు, వెదురు కొమ్మలకు కట్టిన తినుబండారాల కోసం జనం ఎగబడతారు. చిత్రకారుడు హువాన్ లూనా కొడుకు ఆంద్రెస్ లూనా నక్షా గీసిన ఎన్రికెజ్ ఇల్లున్న ఊరది. అలాంటి ఇల్లు తలుపులు తీసి నలుగురికీ అన్నం పెట్టినప్పుడే ఊరు దాన్ని తనదనుకుంటుంది. 2010లో ఆమోదం పొందిన అక్కడి జాతీయ సాంస్కృతిక వారసత్వ చట్టం కట్టడాలతో పాటు సంప్రదాయాలనూ వారసత్వంగానే లెక్కగట్టింది. అందుకే పైకప్పు బాగుచేయడానికి డబ్బు తీసే పట్టణం, కిపింగ్ చేయడం పిల్లలకు నేర్పే పెద్దవాళ్లకూ ఆ నిధుల్లోంచే కూలి కట్టివ్వాలి.