మెయింటెనెన్స్ కార్మికులకు డ్యూటీ టైములోనే, తెలుగులోనే ఆన్‌లైన్ శిక్షణ ఇవ్వాలి

పరవాడ, అచ్యుతాపురం, జీడిమెట్ల, పాశమైలారం... ఎక్కడ పనిచేస్తున్నా సరే, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ సోదర సోదరీమణులకూ, ఫ్యాక్టరీ యాజమాన్యాలకూ, రెండు తెలుగు రాష్ట్రాల కార్మిక శాఖలకూ మా విన్నపం.

పంపు బేరింగ్ పోతుంది. కొత్తది వేస్తాం. కొన్నాళ్లకే అదీ పోతుంది. సరుకు మంచిది కాదని స్టోర్స్ వాళ్లను తిట్టుకుని మరొకటి ఎక్కిస్తాం. చాలాసార్లు తప్పు సరుకుది కాదు. షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు బయటి రింగు మీద సుత్తితో కొడితే ఆ దెబ్బంతా లోపలి గుండ్ల మీద పడుతుంది. అవి తిరిగే దారిలో సన్నటి సొట్టలు పడతాయి. ఆ బేరింగ్ బిగించిన రోజే సగం చచ్చినట్టు. అదే బేరింగును హీటరు మీద 110 డిగ్రీలు దాటకుండా వేడిచేస్తే సుత్తి అవసరం లేకుండానే షాఫ్టు మీదికి జారుతుంది. కప్లింగ్ అలైన్‌మెంట్ చూడకుండా మోటారు బిగించడమూ, మంచిదే కదా అని గ్రీజు కూరేయడమూ ఇలాంటి పొరపాట్లే. గ్రీజు ఎక్కువైనా బేరింగ్ కాలుతుంది. ఇవన్నీ పావుగంట వీడియోలో చూపించగల సంగతులు. ఐటీఐ దాటాక వాటిని మనకు చెప్పేవాళ్లేరీ?

అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు నౌలన్, హీప్ 1978లో ఇచ్చిన నివేదిక ప్రకారం విమాన భాగాల్లో వాడకం పెరిగేకొద్దీ అరిగి పాడయ్యేవి నూటికి 11 మాత్రమే. మన యంత్రాలకు ఆ లెక్క అచ్చంగా సరిపోకపోవచ్చు. కానీ క్యాలెండరు చూసి సామాను మార్చేస్తే సరిపోదన్నది మనకూ వర్తిస్తుంది. అదురు, చప్పుడు, వేడి, ఆయిల్ రంగు చూసి ముందే పసిగట్టే మనిషి కావాలి.

పసిగట్టకపోతే పోయేది బేరింగ్ ఒక్కటే కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి వెలువడిన స్టైరీన్ ఆవిరి 12 మందిని బలిగొంది. ట్యాంకులో ఉష్ణోగ్రత అడుగునే కొలిచేవారని, పైపొరలు వేడెక్కడం తెలియలేదని, 2019 డిసెంబరులో పైపులు మార్చడం వల్ల చల్లబరిచే ప్రవాహం దెబ్బతిందని ప్రభుత్వ హైపవర్ కమిటీ చెప్పింది. అలాంటి నిర్ణయాలు ఫిట్టర్ తీసుకునేవి కావు. శిక్షణ పేరు చెప్పి నేరం కింది కార్మికుడి మీదికి నెడితే ఒప్పుకోం. కానీ "పైపు ఇలా మారిస్తే పైభాగం చల్లబడుతుందా సార్?" అని అడగగలిగే తెలివిడి పైపు బిగించే మనిషికీ ఉండాలి. అడిగినందుకు వేటు పడకూడదు.

భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన 111-ఏ సెక్షన్, భద్రతా శిక్షణను కార్మికుడి హక్కుగా గుర్తించింది. అయినా శిక్షణ అడిగితే, ఏ, బీ, సీ షిఫ్టుల వాళ్లందరినీ ఒక్క హాల్లో కూర్చోబెట్టలేమన్నది యాజమాన్యాలు ఎప్పుడూ చెప్పే మాట. ఫోన్లో పాఠం వచ్చాక ఆ సాకు చెల్లదు. అర్థం కాకపోతే మళ్లీ మళ్లీ చూసుకోవచ్చు.

అయితే వీడియో నడుస్తుండగా నెక్స్ట్ నొక్కుకుంటూ పోతే చేతికొచ్చే సర్టిఫికెట్ మాకొద్దు. డయల్ గేజ్ పట్టడం ఫోను చూస్తే రాదు. పాఠం ఫోన్లో విన్నాక, దగ్గర్లోని ఐటీఐ వర్క్‌షాపులో పాత పంపు, మోటారు పెట్టి చేయించాలి. చేతిపని చూశాకే పాస్ చేయాలి. పాఠం వినే గంటకు జీతం కట్టాలి, వీక్లీ ఆఫ్ తినేయకూడదు. కాంట్రాక్టు కార్మికులను మొదటి బ్యాచ్‌లోనే చేర్చాలి, ఎందుకంటే షట్‌డౌన్ పని ఎక్కువగా వాళ్లే చేస్తున్నారు. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్ల కోసం అవే పాఠాలు ఒడియా, హిందీల్లోనూ ఉండాలి. ఒక్కో ఫ్యాక్టరీ విడిగా చేయించుకోవడం దండగ. ప్రభుత్వమే పాఠాలు తయారుచేయించి ఉచితంగా అందుబాటులో పెట్టాలి.

వచ్చే సేఫ్టీ కమిటీ మీటింగులో ఈ డిమాండును రాసి ఇవ్వండి, మినిట్స్‌లో ఎక్కేదాకా కుర్చీ వదలకండి. మీ ప్లాంటులో పదేపదే ఆగిపోయే యంత్రం ఏదో ఆ కాగితంలోనే రాయండి. మొదటి పాఠం దాని మీదే చెప్పమనండి.