ముందు వేళ్లు, తర్వాత వారసత్వం

పాత మిషన్ మీద ప్రేమ ఎక్కువగా ఎవరికుంటుందో గమనించారా? దాని మీద పని చెయ్యనివాళ్లకి. బీడు బాడీ, పట్టా బెల్టు, చేతులు తగిలి నున్నబడ్డ బల్ల కనిపిస్తే చాలు, మనకి గొంతు పూడుకుపోతుంది. మా బాబాయి వడ్రంగి షాపులో పాత సర్ఫేస్ ప్లేనర్‌ని బాగుచేయించాలా, కొత్తది కొనాలా అన్న మాట వచ్చినప్పుడు కూడా అంతే. చెక్క ముట్టని చుట్టాలందరూ ‘వారసత్వం’ అన్నారు.

కొత్తది అమ్మేవాళ్ల వాదనా నాకు నచ్చదు. పార్టులు దొరకవంటారు. ఏ పార్టులు? ఆ మిషన్లో ఉన్నది 6205 బేరింగ్. లోపల 25, బయట 52, మందం 15 మిల్లీమీటర్లు. ఏ ఊళ్లో బేరింగ్ షాపుకెళ్లి అడిగినా అదే కొలత ఇస్తారు. మోటారు కాలితే వైండింగ్ చేయిస్తారు. బీడు బరువు అదురుని మింగేస్తుంది. అందుకే చెక్క మీద అలలు పడవు. చవగ్గా వచ్చే కొత్తవాటిలో చాలావాటికి రేకు స్టాండు, పల్చటి అల్యూమినియం బల్ల.

అయితే బాగుచేయించడమేనా? ఆగండి. కట్టర్ బ్లాక్ చూశారా?

మన సమీక్షల్లో కథల్ని ‘చిత్రిక పట్టని’ నెల ఉండదు. అసలు చిత్రిక పనిలో వేళ్లు పోతాయని ఏ సమీక్షా చెప్పదు. ఆ పాత ప్లేనర్ బ్లాక్ నలుపలకలుగా ఉంది. తిరిగేటప్పుడు మూల పైకొస్తే బల్ల అంచుకీ దానికీ సందు తక్కువ. చదును వైపు రాగానే సందు నోరు తెరుస్తుంది. చెక్క జారితే వేలు అందులోకి దిగుతుంది, వెనకే బ్లేడుతో మూల వస్తుంది. గుండ్రటి బ్లాక్ ఆ ఖాళీని నింపేస్తుంది. దానితో దెబ్బ తగలదని కాదు, వేలు అంత లోతుకి పోదు. బ్రిటన్‌లో 1922 నిబంధనలే చేత్తో తోసే ప్లేనర్లకి గుండ్రటి బ్లాక్ తప్పనిసరి చేశాయి. మన ఫ్యాక్టరీల చట్టం 1948లోనే తిరిగే భాగాలకి రక్షణ పెట్టమంది. ముగ్గురు పనిచేసే షాపు దాని లెక్కలోకి రాలేదు. మా బాబాయి షాపులో మేస్త్రి గారికి ఎడమ చూపుడువేలు సగమే ఉంది. ‘అలవాటైపోయింది బాబూ’ అంటారాయన.

కాబట్టి నా మాట ఇది. బాడీ ఉంచండి, బ్లాక్ పారెయ్యండి. లేతు షాపులో అందాజాగా తిప్పించింది కాదు, బ్యాలెన్సు చేసిన గుండ్రటిది వెయ్యండి. అలాంటిది ఆ మిషన్‌కి దొరక్కపోతే బీడుని కిలోల్లెక్కన అమ్మెయ్యండి, ఏడవకుండా. నలుపలకల బ్లాక్‌తో అలాగే రంగేసి నిలబెట్టి ఫొటోలు తీసుకోవడాన్ని మాత్రం సంస్కృతి అనకండి.

బాబాయి వేయించిన ఎస్టిమేట్‌లో రంగుకి ఒక లైనుంది, గార్డుకి లేదు. రంగు తీసేసి గార్డు రాయమన్నాను. పక్కనే ఉన్న మేస్త్రి గారు, ‘మిషన్ ఆపడానికి కాలితో నొక్కే స్విచ్ కూడా రాయండి, చేతులు ఖాళీగా ఉండవు కదా’ అన్నారు.