పన్ను చేసేదొకరు, పేరు మరొకరిది

దక్షిణ ఢిల్లీలోని ఆర్.కె. పురం కేంద్ర ప్రభుత్వోద్యోగుల కాలనీ. పే కమిషన్, డీఏల మాట రాకుండా ఇక్కడ ఇద్దరు కలిసి టీ తాగడం కష్టం. అలాంటి చోట కూడా, కట్టుడు పళ్లు పెట్టుకున్న విశ్రాంత ఉద్యోగిని వాటిని చేసిన మనిషి జీతమెంతని అడిగితే తెల్లముఖం వేస్తారు. పళ్లు డాక్టరే చేస్తాడని చాలామంది నమ్మకం మరి.

డాక్టర్ తీసేది అచ్చు. అది మోటారు సైకిల్ మీద ఏదో ఇరుకు సందులోని ల్యాబుకు చేరుతుంది. అక్కడ డెంటల్ టెక్నీషియన్ (1948 నాటి దంతవైద్యుల చట్టం పిలిచే పేరు డెంటల్ మెకానిక్) అచ్చులో జిప్సం పోసి దవడ నమూనా తీస్తాడు. మైనంలో ఒక్కో పన్ను నిలబెడతాడు. డాక్టర్ రోగి నోట్లో సరిచూసి పంపాక మైనం కరిగించి, ఆ ఖాళీలో గులాబీ రంగు అక్రిలిక్ ముద్ద కూరి, గంటల తరబడి వేడినీళ్లలో ఉంచుతాడు. తర్వాత అరగదీత, మెరుగు. వెంట్రుకవాసి ఎత్తు తేడా వచ్చినా రోగికి ముద్ద దిగదు, పని మళ్లీ బల్ల మీదికొస్తుంది. తప్పు అచ్చుదా, చేతిదా అనే పంచాయతీలో బిల్లు చెల్లించేవారిదే పైచేయి.

ప్రభుత్వాసుపత్రిలో ఉద్యోగమైతే లెక్క స్పష్టం. 2016 జనవరి 1 నుంచి వర్తించిన ఏడో వేతన సంఘం పట్టికలో నాలుగో లెవెల్ మూలవేతనం రూ. 25,500తో, ఆరో లెవెల్ రూ. 35,400తో మొదలవుతాయి. టెక్నీషియన్ పోస్టులు సాధారణంగా ఈ మెట్ల మీదే. అలవెన్సులు అదనం. చిక్కల్లా పోస్టులు కొద్దిగా ఉండటమే. మిగిలినవారికి దిక్కు ప్రైవేటు ల్యాబు. అది డాక్టర్‌కు పన్నుకింతని బిల్లు వేస్తుంది, ఆ ఒత్తిడి టెక్నీషియన్ బల్ల దాకా వస్తుంది. నైపుణ్యం గల కార్మికుడికి ఢిల్లీ ప్రభుత్వం 2025 ఏప్రిల్ 1 నుంచి ప్రకటించిన కనీస వేతనం నెలకు రూ. 22,411. రెండేళ్ల కోర్సు చేసి వచ్చిన కుర్రాడు తన జీతాన్ని పోల్చుకోవాల్సింది దాంతోనే.

జీతం చీటీలో కనిపించనిది దుమ్ము. పోత పోసిన తొడుగు మీది ఇసుక పొడిని, లోహాన్ని అరగదీసేటప్పుడు రేగే సిలికా ఊపిరితిత్తుల్లో చేరుతుంది. 1994-2000 మధ్య అయిదు అమెరికా రాష్ట్రాల్లో దంత ల్యాబుల సిబ్బందిలో తొమ్మిది సిలికోసిస్ కేసులు బయటపడ్డాయని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 2004లో ప్రకటించింది. దుమ్ము పీల్చే యంత్రం, సరైన మాస్కు ఉంటే ముప్పు తగ్గుతుంది. వాటి ఖర్చు ల్యాబు యజమానిది.

ఇప్పుడు జిర్కోనియా దిమ్మెను కంప్యూటర్ చెక్కుతోంది. కొలిమిలో కుంచించుకుపోతుంది కాబట్టి తొడుగును ముందే అయిదో వంతు పెద్దగా చెక్కాలి, ఆ లెక్క సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. మైనంతో తలనెరిసిన టెక్నీషియన్‌కు మౌస్ కొత్త. మౌస్ పట్టిన కుర్రాడికి పై పన్ను కింది పన్ను మీద కూర్చునే తీరు పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది. అది నేర్పడానికి పాతవాళ్లు ల్యాబులో ఎన్నాళ్లుంటారో మరి.