కందీసా ఒక్కటేనా?

ఇండియన్ ఓషన్ కచేరీలకు వెళ్లే వారికి ఆ కేక కొత్తేమీ కాదు. రెండో పాట పూర్తి కాకముందే వెనక వరసల్లోంచి ఎవరో ఒకరు 'కందీసా' అని అరుస్తారు. ఆ పాట రికార్డయిన నాటికి ఇంకా పుట్టని కుర్రాళ్లు కూడా అదే అడుగుతారు. ముప్పై ఏళ్లు దాటిన ప్రయాణంలో అరడజనుకు పైగా ఆల్బమ్‌లు తెచ్చిన బ్యాండ్‌ను జనం ఒక్క పాటతో, ఆ పాట పేరే పెట్టుకున్న ఒక్క ఆల్బమ్‌తో గుర్తుపెట్టుకున్నారు. వీరాభిమానులు మాత్రం దీన్ని ఒప్పుకోరు. వారి ఓటు 'డెజర్ట్ రెయిన్'కి. ఇంకొందరు 'ఝీనీ' అంటారు. అషీమ్ చక్రవర్తి గొంతు విన్నాక ఆయన లేని ఆల్బమ్‌ను అసలు లెక్కలోకే తీసుకోని వారూ ఉన్నారు. ఏది గొప్పదన్న ఈ వాదన కాలేజీ క్యాంటీన్ కబుర్లలా కనిపిస్తుంది గానీ, దాని అడుగున వేరే ప్రశ్న ఉంది. నలుగురిలో ఇద్దరు వెళ్లిపోయాక మిగిలింది అదే బ్యాండా?

ఢిల్లీలో 1990లో గిటారిస్టు సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూ పాడే అషీమ్ చక్రవర్తి కలిసి దీన్ని మొదలుపెట్టారు. మరుసటి ఏడాది బాస్ గిటార్‌తో రాహుల్ రామ్ వచ్చారు. ఈయన అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో పర్యావరణ విషపదార్థాల మీద డాక్టరేట్ చేసి, తిరిగొచ్చి నర్మదా బచావో ఆందోళనలో తిరిగిన మనిషి. 1994లో డ్రమ్స్ దగ్గర అమిత్ కిలమ్ కూర్చున్నారు. అక్కడితో జట్టు కుదిరింది. తర్వాత పదిహేనేళ్లు ఈ నలుగురే. మన దేశంలో సినిమా నీడన కాకుండా బతికిన ఒక బ్యాండ్ అంతకాలం చెక్కుచెదరకుండా ఉండడమే విశేషం.

ఈ నలుగురిలో ఒక్కరూ మరొకరి వాద్యానికి తోడుగా మాత్రమే వాయించరు. సుస్మిత్ గిటార్ రాక్ సంగీతంలో వినిపించే గర్జన కాదు. తీగలు విడివిడిగా, తేటగా, సితార్ ఆలాపన ఛాయలతో మోగుతాయి. అషీమ్ తబలా వాయిస్తూనే పాడతారు. హిందుస్తానీ కచేరీల్లో తబలా విద్వాంసుడు నోరు విప్పడం అరుదు. ఆ రెండు పనులూ ఒకే మనిషి చేయడంతో లయ ఎక్కడ ఆగి పాట ఎక్కడ మొదలైందో శ్రోతకు తెలియదు. 1993లో హెచ్ఎంవీ తెచ్చిన తొలి క్యాసెట్‌లో ఈ రుచి ఉంది గానీ ఉడుకు సరిపోలేదు. అమిత్ ఇంకా రాలేదు మరి. దాన్ని పోటీలోంచి తప్పించడమే న్యాయం.

అసలు కథ 'డెజర్ట్ రెయిన్'తో మొదలవుతుంది. వీధి నాటకం ఆడుతుండగా దాడికి గురై 1989 జనవరిలో కన్నుమూసిన సఫ్దర్ హష్మీ స్మృతిలో 'సహ్‌మత్' సంస్థ ఏటా జనవరి 1న ఢిల్లీలో కళాకారులను ఒకచోట చేర్చేది. 1997లో ఆ రోజు ఇండియన్ ఓషన్ వాయించినదే ఈ ఆల్బమ్. స్టూడియో లేదు, తప్పు దొర్లితే మళ్లీ వాయించే వీలు లేదు. ఆరుబయట, ఢిల్లీ చలిలో, తమను తాము ఇంకా పూర్తిగా తెలుసుకోని నలుగురు ఒకరినొకరు వింటూ వాయించిన సంగీతం అది. మాటలు తక్కువ. 'బోల్ వీవిల్' లాంటి ముక్కల్లో పల్లవి, చరణం వెతుక్కునే వారికి నిరాశే. బాస్ ఒక దారి పడితే గిటార్ దాన్ని కాసేపు అనుసరించి, పక్కకు తప్పుకుని, మళ్లీ వచ్చి కలుస్తుంది. రికార్డింగ్‌లో కరుకుదనం ఉన్న మాట నిజం. ఖరీదైన హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే లోపాలు ఇంకా బాగా వినిపిస్తాయి. అయినా వీరాభిమానులు దీన్నే ఎందుకు గుండెలకు హత్తుకుంటారో అర్థమవుతుంది. తాము ఏం కాబోతున్నారో వాయించేవారికే తెలియని స్థితి ఏ బ్యాండ్‌కూ రెండోసారి దొరకదు.

2000లో టైమ్స్ మ్యూజిక్ 'కందీసా' విడుదల చేసింది. ఏడే పాటలు. ఇందులో ప్రతి పాట వెనకా ఒక ఊరో, ఒక నదో, ఒక ఉద్యమమో ఉంది. 'మా రేవా' నర్మదా తీరంలో జనం పాడుకునే పాట. రేవా అంటే నర్మదకే మరో పేరు. ఆనకట్టల కింద మునిగిపోబోయే గ్రామాల్లో తిరిగిన రాహుల్ రామ్ దాన్ని అక్కడి నుంచి మోసుకొచ్చారు. కిలమ్ డ్రమ్స్ వదిలి బెంగాల్ బౌల్ గాయకుల గబ్‌గుబీ పట్టుకుంటారు. ఒక్క తీగతో తుళ్లిపడుతున్నట్టు మోగే ఆ చిన్న వాద్యం లేకుండా ఆ పాటను ఊహించుకోలేం. వింటే హుషారుగా గంతులేయాలనిపిస్తుంది. నగరాల్లో కుర్రకారు గంతులేశారు కూడా. ఆ నది ఒడ్డున ఏం జరుగుతున్నదో వారిలో ఎందరికి తెలుసన్నది వేరే సంగతి.

'హిల్లే లే' భోజ్‌పురి పాట. రాసింది గోరఖ్ పాండే. జేఎన్‌యూలో ఉంటూ రైతు కూలీల పక్షాన పాటలు కట్టి, 1989లో చనిపోయిన కవి. ఉద్యమ సభల్లో డప్పు మీద పాడాల్సిన పాటను రాక్ బ్యాండ్ ఎత్తుకుంటే పలచబడిపోతుందని అనుమానించిన వారున్నారు. జననాట్యమండలి, ప్రజానాట్యమండలి పాటలు వింటూ పెరిగిన తెలుగు శ్రోతకు ఈ అనుమానం సులభంగానే అర్థమవుతుంది. కానీ ఇక్కడ పాట పలచబడలేదు. కోరస్ గొంతులు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చేసరికి, ఎవరో ఊరేగింపుగా వీధి మలుపు తిరిగి మన ముందుకొచ్చినట్టే ఉంటుంది.

ఇక 'కందీసా'. కేరళలోని సిరియన్ క్రైస్తవుల ఆరాధనలో నిలిచిన ప్రాచీన సిరియాక్ స్తోత్రం అది. ఏసుక్రీస్తు మాట్లాడిన అరమాయిక్ భాషకు దగ్గరి చుట్టం. పదానికి అర్థం పవిత్రుడని. పాడిన వారికి ఆ భాష రాదు, విన్నవారికీ రాదు. అయినా దేశంలో ఇంగ్లిష్ రాక్ తప్ప వేరేది వినని శ్రోతను కూడా కూర్చోబెట్టింది ఆ పాటే. కారణం రహస్యమేమీ కాదు. దాన్ని వాళ్లు తొందరపెట్టలేదు. మొదట గొంతులు మాత్రమే, చర్చి గోడల మధ్య మారుమోగినట్టు. తర్వాత గిటార్. చివరకు నాలుగు వాద్యాలూ కలిసి ఎక్కడికో ఎగిసిపోయేసరికి స్తోత్రం స్తోత్రంగానే ఉంటుంది, రాక్ రాక్‌గానే ఉంటుంది. భక్తికి వాయిద్యం తగిలించే 'ఫ్యూజన్' సరుకు ఆ రోజుల్లో మార్కెట్లో బోలెడు. ఇది ఆ కోవలోది కాదు.

ఆల్బమ్‌లో ఎవరూ కేకేసి అడగని పాట 'లీవింగ్ హోమ్'. దాదాపు అంతా వాద్యమే. సుస్మిత్ సేన్ గిటార్ ఏమిటో తెలియాలంటే ఇదొక్కటి చాలు. జైదీప్ వర్మ ఈ బ్యాండ్ మీద తీసి 2010లో థియేటర్లలో విడుదల చేసిన డాక్యుమెంటరీకి ఊరికే ఈ పేరు పెట్టలేదు.

2003 నాటి 'ఝీనీ' దీనికి తమ్ముడు. అన్న పేరు ముందు ఎప్పుడూ చిన్నబోయే తమ్ముడు. మనిషి దేహాన్ని పలచని నేతతో పోల్చిన కబీర్ పదాన్ని ఇందులో అషీమ్ పాడారు. కబీర్‌ను కుమార్ గంధర్వ నుంచి ఊరూరి భజన మండళ్ల దాకా అందరూ పాడినవారే. అషీమ్ గొంతులో శాస్త్రీయ గాయకుడి ధీమా ఉండదు, భజనపరుడి తన్మయత్వమూ ఉండదు. మగ్గం దగ్గర కూర్చున్నవాడు పని ఆపకుండా తనలో తాను అనుకుంటున్నట్టు ఉంటుంది. తబలా వాయిస్తూ పాడే మనిషికే అది సాధ్యం కాబోలు. బౌద్ధ మంత్రం మీద అల్లిన 'నమ్ మ్యో హో' కూడా ఇందులోదే. గాత్రం ఒక్కటే కొలమానమైతే 'ఝీనీ'దే పైచేయి. ఆల్బమ్ మొత్తంగా చూస్తే మాత్రం 'కందీసా'లోని పట్టు దీనిలో అక్కడక్కడా సడలుతుంది.

సినిమా పాటలను ఈ లెక్కలో కలపాలా వద్దా అన్నది మరో తగువు. 1993 ముంబై పేలుళ్ల మీద అనురాగ్ కశ్యప్ తీసిన 'బ్లాక్ ఫ్రైడే' కోర్టు స్టే వల్ల ఆగిపోయి 2007 ఫిబ్రవరిలో గానీ బయటికి రాలేదు. దాని పాటలు అంతకు ముందే జనంలోకి వెళ్లిపోయాయి. పీయూష్ మిశ్రా రాసిన 'బందే' బొమ్మ లేకుండానే నిలబడింది. 'కందీసా' పేరు వినని వారికి కూడా బ్యాండ్‌ను పరిచయం చేసింది ఈ పాటే. కానీ అది సినిమా కోసం పుట్టిన సంగీతం. కథ కోరినంత మేరకే సాగుతుంది. పక్కన పెట్టడమే మేలు.

తర్వాతిది వినడానికి కొంచెం గుండె నిబ్బరం కావాలి. 2009 డిసెంబరు 25న అషీమ్ చక్రవర్తి గుండెపోటుతో మరణించారు. వయసు 52. ఆయన పాడి, వాయించి వెళ్లిన పాటలు అప్పటికే రికార్డయి ఉన్నాయి. ఆ ఏడు పాటలే '16/330 ఖజూర్ రోడ్'. ఢిల్లీ కరోల్‌బాగ్‌లో ఏళ్ల తరబడి సాధన చేసుకున్న పాత బంగళా చిరునామా అది. 2010 జులై నుంచి నెలకో పాట చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇచ్చేశారు.

ఉచితం అన్న మాట ఆనాడు చాలామందికి ఉదారతలా వినిపించింది. అందులో లెక్క కూడా ఉంది. అప్పటి ఆనవాయితీ ప్రకారం కంపెనీ ఆల్బమ్ తీసుకుంటే హక్కులన్నీ దానివే. కళాకారుడి చేతికొచ్చేది మొదట ఇచ్చిన సొమ్ము, ఆపైన దొరికితే కాస్త రాయల్టీ. పాట రాసినవారికి, స్వరపరిచినవారికి రాయల్టీలో వాటా వదులుకోలేని హక్కుగా దక్కింది 2012 నాటి కాపీరైట్ సవరణ చట్టంతోనే. పైరసీలో ఎలాగూ పాటలు ఊరికే దొరుకుతున్నాయి, బ్యాండ్‌కు కూడు పెట్టేది కచేరీలే. అలాంటప్పుడు పాటను తామే పంచిపెడితే పోయేదేముంది? పాట ఊరంతా తిరిగితే కచేరీకి జనం వస్తారు. ఇవాళ ఇది పాత ముచ్చట. 2010లో మన దేశంలో ఆ పని చేయడానికి ధైర్యం కావాల్సి వచ్చింది.

ఆల్బమ్ ఎలా ఉందన్నది మరో మాట. 'చాంద్' లాంటి పాటల్లో పాత వేడి ఉంది. ఎన్.ఎం.రాషిద్ ఉర్దూ కవిత ఆధారంగా కట్టిన 'జిందగీ సే డర్తే హో' అదే ఏడాది 'పీప్లీ లైవ్'లోనూ వినిపించింది. అయితే ఈ ఆల్బమ్‌ను విడిగా, పాటగా వినడం కష్టం. ప్రతి చోటా ఒక మనిషి లేని లోటు ముందే తెలిసి వింటాం. విమర్శకులు దీనికి ఇచ్చిన మార్కుల్లో కొన్ని సానుభూతి మార్కులన్నది అప్రియమైన నిజం.

అషీమ్ చేసిన రెండు పనులకు ఇద్దరు కావాల్సి వచ్చారు. పాడడానికి హిమాంశు జోషి, తబలాకు తుహీన్ చక్రవర్తి. 2013లో సుస్మిత్ సేన్ కూడా సెలవు తీసుకున్నారు. ఆయన స్థానంలో నిఖిల్ రావు వచ్చారు. 2014లో వచ్చిన 'తందాను'లో ఏడు పాటలకూ అతిథులు. శంకర్ మహదేవన్, శుభా ముద్గల్, విశ్వమోహన్ భట్, వయొలిన్ విద్వాంసుడు కుమరేశ్ వంటి ఉద్దండులు. ఒక్కో పాటా విందు భోజనమే. రోజూ తినే ఇంటి వంట ఏదని వెతికితే కనపడదు. సొంత గొంతు సందేహంలో పడ్డప్పుడు ఇంటికి చుట్టాలను పిలిచినట్టుంది. మరుసటి ఏడాది 'మసాన్' సినిమాకు వరుణ్ గ్రోవర్ మాటలతో చేసిన 'తూ కిసీ రేల్ సీ' విన్నాక, కొత్త బృందం కాళ్లు నిలదొక్కుకుందని తేలింది. 2023 నాటి 'తూ హై' ఆ నమ్మకంతో చేసిన ఆల్బమ్.  పాతవారితో పోల్చకుండా దాన్ని వినే శ్రోతలు దొరకడమే ఇప్పటి కష్టం.

ఇంతకీ తీర్పు? కేకలు వేసే కుర్రాళ్లే నెగ్గారని ఒప్పుకోక తప్పదు. 'డెజర్ట్ రెయిన్'లో బ్యాండ్ ఎలా ఆలోచిస్తుందో వినపడుతుంది. 'కందీసా'లో ఆలోచన పూర్తయి పాటయింది, అయినా తడి ఆరలేదు. రెండింటి మధ్యా ఉన్నది మూడేళ్లే. కాకపోతే ఆ కుర్రాళ్లు కేక వేయాల్సింది టైటిల్ పాట కోసం కాదు, 'మా రేవా' కోసం. సర్దార్ సరోవర్ ఆనకట్టను 2017 సెప్టెంబరులో ప్రధాని జాతికి అంకితం చేశారు. 2019లో జలాశయం మొదటిసారి పూర్తి మట్టానికి నిండింది. ఆ పాట పుట్టిన తీరంలో కొన్ని ఊళ్లు ఇప్పుడు నీళ్ల అడుగున ఉన్నాయి. గబ్‌గుబీ మాత్రం రికార్డయిన నాటి అదే హుషారుతో మోగుతోంది.