తోక తెగిన లింకు

ఫోన్‌లో 'పట్టు చీరలు' అని కొట్టగానే పైన 'స్పాన్సర్డ్' అని రెండు మూడు లింకులు కనిపిస్తాయి కదా. ఒకటి నొక్కి, పేజీ తెరుచుకున్నాక అడ్రస్ బార్ మీద వేలు పెట్టి చూడండి. షాపు పేరు తర్వాత ఒక ప్రశ్నార్థకం, దాని వెనక చాలాసార్లు జి-సి-ఎల్-ఐ-డి అనే అయిదు ఇంగ్లిష్ అక్షరాలు, ఆపైన అర్థంపర్థం లేని పొడుగాటి తోక. దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది.

ఆ తోక పేరు గూగుల్ క్లిక్ ఐడెంటిఫైయర్. మీ క్లిక్‌కి ఇచ్చిన టోకెన్ నంబర్ అన్నమాట. యాడ్ నొక్కితే షాపువాళ్ల ఖాతాలో డబ్బు కట్ అవుతుంది. ఆ తర్వాత మీరు చీర కొంటే, షాపు సైటు ఆ టోకెన్ చూపించి 'ఈ ఆర్డర్ ఫలానా క్లిక్ వల్ల వచ్చింది' అని లెక్క అప్పజెబుతుంది. ఒకప్పుడు ఈ లెక్కల కోసం మన బ్రౌజర్‌ని ఒకటి రెండు కౌంటింగ్ సర్వర్ల చుట్టూ తిప్పి, అప్పుడు షాపుకి పంపేవారు. దీన్నే రీడైరెక్ట్ అంటాం. 2018లో సెర్చ్ యాడ్స్‌కి గూగుల్ పద్ధతి మార్చింది. ఇప్పుడు మనం నేరుగా షాపుకి వెళ్తాం, లెక్క వెనకాల నడుస్తుంది.

షాపు గుమ్మం దాటాక జరిగే రీడైరెక్టులు మాత్రం సైటు కట్టిన ఇంజినీర్ల చేతిలోనే ఉంటాయి. నేను పప్పులో కాలేసింది అక్కడే.

ఉద్యోగంలో కొత్త. ఒక చీరల షాపు సైటుని మా టీమ్ కొత్తగా కట్టింది. పాత పేజీకి వచ్చినవాళ్లని కొత్త పేజీకి పంపే రూలు రాసింది నేనే. టెస్ట్ చేశా, పేజీ చక్కగా తెరుచుకుంది. మూడు వారాల తర్వాత షాపాయన ఫోన్: "యాడ్స్ వల్ల ఒక్క ఆర్డరూ లేదు. వచ్చేవాళ్లంతా మా పేరు తెలిసి నేరుగా వస్తున్నారు. ఇంక యాడ్స్ చూసే అబ్బాయికి జీతం ఎందుకు?"

ఆ అబ్బాయి నాకంటే చిన్నవాడు. "అన్నా, ఏం తప్పు చేశానో అర్థం కావట్లేదు, ఒకసారి చూస్తావా?" అని మెసేజ్ పెట్టాడు.

చూశా. నా రూలు ప్రశ్నార్థకం ముందున్న అడ్రస్ మాత్రమే పంపుతోంది. వెనకున్నదంతా అక్కడే రాలిపోతోంది. టోకెన్ పోయిన ఆర్డర్లన్నీ 'డైరెక్ట్' లెక్కలో పడ్డాయి. సరిచేయడానికి ఒక్క లైను చాలింది. షాపాయనకి మెయిల్ రాయడానికి మాత్రం గంట పట్టింది. ముందు 'తప్పు మాది' అని రాశా. తర్వాత 'మాది' కొట్టేసి 'నాది' అని పెట్టా. అబ్బాయి ఉద్యోగం నిలిచింది. ఆ మూడు వారాల లెక్క మాత్రం తిరిగి రాలేదు.

మీరు అలాంటి లింకు ఫ్రెండ్‌కి పంపేటప్పుడు ఆ అయిదు అక్షరాలు, వాటి తోక తీసేసి పంపండి. పేజీ మామూలుగానే తెరుచుకుంటుంది. మీ టోకెన్‌తో వాళ్లకేం పని? 2023లో వచ్చిన ఐఓఎస్ 17 నుంచి మెసేజెస్, మెయిల్, సఫారీ ప్రైవేట్ బ్రౌజింగ్‌లో ఐఫోనే దాన్ని తీసేస్తోంది.

సైట్లు కట్టే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు మాత్రం తోక ఉన్న లింకుతో కూడా ఓసారి టెస్ట్ చేయండి. ఎవరి జీతం దాని మీద ఉందో మనకి తెలియదు.