చెట్టున నాలుగు పువ్వులు మిగల్చండి

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన పెద్దలు ఒక సామెత చెప్పారు. చేతికి అందే దానిని మనిషి లక్ష్యపెట్టడని, దూరాన ఉన్న దానికే విలువ కడతాడని దాని భావం. ఇటువంటి పత్రికలు చదివే మనవంటి గృహస్థులు ఆ సామెతను చాలావరకు తిరగవేశారు. మన ఇళ్లలో తులసి కషాయమవుతున్నది, మందారం తలనూనె అవుతున్నది, వేపపువ్వు చారు అవుతున్నది. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే ఈ ఉత్సాహంలో మనం మరొక పొరపాటు చేస్తున్నామని నాకు తోస్తున్నది. పెరటిలోని ప్రతి మొక్కనూ “ఇది దేనికి మందు?” అన్న దృష్టితో మాత్రమే చూడడం అలవాటయింది. పూచిన పువ్వును చెట్టుననే ఉంచి, దాని ఎదుట కొంతసేపు కూర్చోవడం కూడా ఆరోగ్య రక్షణలో భాగమేనన్న సంగతి మరుగున పడుతున్నది. ఆ పొరపాటు నేనూ చేశాను. అందుకే ఈ నాలుగు మాటలు.

గత సంవత్సరం ఫాల్గుణ మాసంలో మా అత్తగారికి కుడికంటి శుక్లం తీశారు. శుక్లం ముదిరే కొద్దీ కంటిలోని కటకం పసుపుబారుతుంది. రంగులు మాసినట్లు, తెలుపు పసుపు కలిసినట్లు కనిపిస్తాయి. ఈ మార్పు ఏళ్ల తరబడి మెల్లమెల్లగా జరుగుతుంది కనుక, లోపం తన చూపులో ఉన్నదని మనిషి గుర్తించలేడు. “పంచెలకు నీలిమందు పెట్టడం మానేశావా, అమ్మాయీ?” అని ఆవిడ నన్ను రెండు మూడేళ్లుగా అడుగుతూనే ఉన్నారు. నీలిమందు పెడుతూనే ఉన్నానని నేనూ చెబుతూనే ఉన్నాను.

మా పెరటిలో నూతి పక్కన ఒక నందివర్ధనం చెట్టు ఉన్నది. అది ఆవిడ స్వయంగా నాటినది. ఏడాది పొడుగునా ఎన్నో కొన్ని పూస్తూనే ఉంటుంది గాని, చైత్రం వచ్చేసరికి కొమ్మ కొమ్మకూ తెల్లగా విచ్చుకుంటుంది. శస్త్రచికిత్స అయిన కొద్ది రోజులకే ఉగాది వచ్చింది. ఆ తెల్లవారుజామున నేను చెట్టున ఉన్న పువ్వులన్నీ కోశాను. సగం పూజ పళ్లెంలో పెట్టాను. తక్కిన సగం వెండి గిన్నెలోని మంచినీటిలో వేసి ఉంచాను. నందివర్ధనం పువ్వులు కంటిపై పెడితే చలువ చేస్తాయని చిన్ననాటి నుంచి విన్నదానిని. ఆవిడ కంటికి మేలు చేస్తున్నాననే నా నమ్మకం.

ఆవిడ నల్లకళ్లద్దాలు పెట్టుకొని, గోడ పట్టుకొని మెల్లగా పెరటి వసారాలోకి వచ్చారు. చెట్టు వంక చూశారు. గిన్నె పట్టుకొని నిలుచున్న నన్ను చూశారు. “డాక్టరుగారు చుక్కల మందు తప్ప కంటికి ఇంకేమీ తగలనీయవద్దన్నారు కదమ్మా!” అన్నారు. ఒక క్షణం ఆగి, “ఆ పువ్వులను చెట్టు మీద చూద్దామనుకున్నాను. ఒక్కటీ ఉంచలేదేం?” అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు.

ఆవిడ చెప్పిన మొదటి మాట ప్రతి ఇంటిలోనూ గుర్తు పెట్టుకోవలసినది. కోసిన కంటికి వైద్యుడు వ్రాసి ఇచ్చిన మందు తప్ప పువ్వు గాని, ఆకు పసరు గాని, తేనె గాని, పాలు గాని తగలనీయరాదు. నందివర్ధనం తుంచిన చోట తెల్లని పాలు కారతాయి. ఆ పాలు ఆరోగ్యంగా ఉన్న కంటికే మంట పుట్టించగలవు. మానని గాయంలోకి నీటితోపాటు సూక్ష్మజీవులు చేరితే వచ్చిన చూపే పోయే ప్రమాదం ఉన్నది. పరంపరగా వచ్చిన చిట్కా అయినంత మాత్రాన అది ప్రతి దేహానికీ, ప్రతి స్థితికీ వర్తించదు. దేశ కాల పాత్రలను విచారించి గాని ఔషధం ఇవ్వరాదన్నది ఆయుర్వేదానికి మూలసూత్రం. ఆ ఉదయం నేను మరచినది దానినే.

రెండవ మాట నన్ను ఇంకా లోతుగా ఆలోచింపజేసింది. పువ్వు కంటికి చేయగల మేలు కంటితో చూడడంలోనే ఉన్నదేమో! ఇది కేవలం భావుకత కాదు. వాగ్భటాచార్యుల అష్టాంగ హృదయంలో సూత్రస్థానం మూడవ అధ్యాయం ఋతుచర్యను చెబుతుంది. శిశిరంలో పేరుకున్న కఫం వసంతంలో సూర్యకిరణాల వేడికి కరిగి జఠరాగ్నిని మందగింపజేస్తుందని, దానినుంచి రోగాలు పుడతాయని అందులో ఉన్నది. అందుకు విరుగుడుగా తేలికైన ఆహారం, వ్యాయామం, నలుగు పెట్టుకోవడం మొదలైనవి విధించారు. బరువైన, పులుపైన, తీపి, నూనె పదార్థాలను తగ్గించమన్నారు. పగటి నిద్ర కూడదన్నారు. ఇంతవరకు మనలో చాలామందికి తెలిసినదే. వాటితోపాటు ఆయన మరొకటి చెప్పారు. దక్షిణపు గాలి చల్లగా వీచే చోట, చుట్టూ నీరు పారే చోట, కోకిలలు కూసే చోట, రంగురంగుల పూలచెట్ల నడుమ మిత్రులతో ముచ్చటించుకుంటూ మధ్యాహ్న వేళ గడపమన్నారు. అంటే పూలతోటలో కూర్చోవడం ఆయన దృష్టిలో కాలక్షేపం కాదు. ఆహారం, వ్యాయామం వలెనే అదీ దినచర్యలో పాటించవలసిన విధి.

వాగ్భటుడు సింధు దేశీయుడని ప్రతీతి. మన తెలుగునాట చైత్ర, వైశాఖ మాసాలలో మధ్యాహ్నపు ఎండ తోటలో కూర్చోనిచ్చేది కాదు. కనుక మనం ఆ విధిని సూర్యోదయానికీ ఎనిమిది గంటలకూ నడుమ, తిరిగి సంధ్యవేళ పాటించుకోవాలి. ఉదయం తోటపని చేసేవారికి వంగడం, లేవడం, చెంబుతో నీరు మోయడం వంటి వ్యాయామం తనంత తానే దొరుకుతుంది. సాయంకాలానికి మల్లె ఉండనే ఉన్నది. పుష్యమాసంలో కొమ్మలు కత్తిరించి, కొంతకాలం నీరు తగ్గించి, తరువాత పశువుల ఎరువు వేసి నీరు పెట్టిన మల్లెపొద చైత్ర వైశాఖాలలో విరగబూస్తుంది. మొగ్గ విచ్చుకొనేది చీకటి పడే వేళకే. కొన్ని మొగ్గలను పొదకే వదిలి, దాని దగ్గర కుర్చీ వేసుకొని కూర్చోండి. ఇంటిలోని వృద్ధులను, పరీక్షలతో అలసిన పిల్లలను కూడా పిలవండి. ఆ అరగంటలో ఎవరి రోగమూ కుదిరిపోతుందని నేను చెప్పను. మనసు కుదుటపడుతుంది. మనసు కుదుటపడిన వానికి తిన్నది ఒంటబడుతుందనీ, నిద్ర పడుతుందనీ మన పెద్దలు అన్నది ఉత్తమాట కాదు.

అయితే పువ్వులే కోయరాదా? తప్పక కోయవచ్చు. వేపపువ్వు కోయడానికే ఉన్నది. నీడన ఆరబెట్టి సీసాలో పోసుకుంటే ఏడాదంతా నిలువ ఉంటుంది. నేతిలో వేయించి మొదటి ముద్దలో కలుపుకొని తినవచ్చు, చారులో వేసుకోవచ్చు. చేదు రసం కఫాన్ని, పిత్తాన్ని తగ్గిస్తుంది కనుక ఈ ఋతువుకు తగినది. ఒంటిరెక్క ఎర్రమందారాలను కొబ్బరినూనెలో సన్నని సెగపై చిటపటలు ఆగేవరకు కాచి, వడగట్టి తలకు రాసుకోవచ్చు. వెంట్రుకలు మెత్తబడతాయి. ఊడిపోయిన జుట్టు తిరిగి మొలుస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. గులాబి రేకులతో గుల్కందు చేసుకోవచ్చు. కాని అందులో రేకులకు దీటుగా పంచదార ఉంటుంది కనుక మధుమేహం ఉన్నవారు దాని జోలికి పోరాదు.

పురుగుమందు చల్లిన మొక్క పువ్వు తినడానికి గాని, కషాయానికి గాని, నూనెకు గాని పనికిరాదు. అంగడిలో కొన్న పువ్వులూ అంతే. అవి అలంకారానికి, పూజకు పెంచినవి గాని ఆహారానికి కావు. పెరటి మందారానికి పిండినల్లి పడితే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంకాలం చల్లితే చాలును.

అందం అన్ని వేళలా మందు కాదని చెప్పే మొక్కలు కూడా మన పెరటిలోనే ఉన్నాయి. గన్నేరు, పచ్చగన్నేరు చెట్లలో వేరు మొదలు గింజ వరకు ప్రతి భాగమూ విషమే. అది గుండె లయను దెబ్బతీస్తుంది. గన్నేరు పుల్లలను పొయ్యిలో పెట్టరాదు, ఆ పొగ కూడా హానికరం. పిల్లలు పొరపాటున గింజ గాని, ఆకు గాని నమిలితే ఇంటి చికిత్సలతో కాలం గడపక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఉమ్మెత్త విషయమూ ఇంతే. ఎంతో సాధువుగా కనిపించే మల్లెకూ ఒక నియమం ఉన్నది. బాలింతలకు పాలు ఆపవలసి వచ్చినప్పుడు రొమ్ములపై మల్లెపూలు కట్టడం మన వాడుక. 1988లో ప్రచురితమైన ఒక వైద్య పరిశోధన కూడా ఆ పూలకు పాలను తగ్గించే గుణం ఉన్నదని గమనించింది. కనుక బిడ్డకు పాలిచ్చే తల్లి వాటిని రొమ్ములపై పెట్టుకోరాదు. పొద పక్కన కూర్చొని పరిమళాన్ని అనుభవించడానికి ఏ ఆటంకమూ లేదు.

ఉబ్బసం, పుప్పొడి పడని తత్వం ఉన్నవారికి మాత్రం పూలతోట సుఖం కాకపోవచ్చు. తుమ్ములు, ఆయాసం వస్తే మొండిపట్టు పట్టక దూరంగా జరగడమే మంచిది. కుండీల కింది పళ్లేలలో నీరు నిలువ ఉంచకండి. డెంగీ జ్వరాన్ని మోసుకువచ్చే దోమ ఆ కొద్దినీటిలోనే గుడ్లు పెడుతుంది. వారానికి ఒకసారైనా వాటిని కడిగి ఆరబెట్టాలి.

నా మాటలకు కొందరు గృహిణులు అభ్యంతరం చెప్పవచ్చు. దేవుడికి పెట్టక చెట్టుకే ఉంచితే ఆ పువ్వు వ్యర్థం కాదా అని అడగవచ్చు. చెట్టున ఉన్న పువ్వు వ్యర్థమన్న భావనే సరికాదని నేను అనుకుంటాను. మందారంలో తేనె కోసం తేనెపిట్ట వస్తుంది. పూల కోసం వచ్చిన తేనెటీగలే మన గుమ్మడిపాదునూ పలకరించి కాయ పట్టిస్తాయి. పొద్దుగూకిన తరువాత చెట్టును ముట్టరాదని మన అమ్మమ్మలు కట్టడి చేసిన సంగతి గుర్తు చేసుకోండి. చెట్టుకూ ఒక విరామం ఉండాలన్న మర్యాద అందులో ఉన్నది. ఆ మర్యాదనే కొద్దిగా పొడిగించి, దేవుడికి ఒక పాలు, ఇంటికి ఒక పాలు, చెట్టుకు ఒక పాలు అని పంచుకుంటే ఎవరికీ లోటు రాదు.

పెరడే లేనివారు ఏమి చేయాలని మరికొందరు అంటారు. ఈనాడు పట్టణాలలో అధిక సంఖ్యాకులు వారే. పెరడు ఉన్నవారు సైతం కారు నిలపడానికనో, బురద అంటకుండాననో నేలంతా సిమెంటు చేయిస్తున్నారు. ఆ పని చేయించేముందు ఒక మూల నాలుగు అడుగుల మట్టిని వదలమని నా మనవి. మేడలలో ఉండేవారికి నాలుగైదు గంటలు ఎండ తగిలే వరండా చాలు. అడుగు వెడల్పు కుండీలలో మల్లె, మందారం, నందివర్ధనం మూడూ చక్కగా పూస్తాయి.

ఆ ఉగాది మరునాడు నేను చెట్టును ముట్టుకోలేదు. మా అత్తగారు వసారాలో పీట వేయించుకొని, చెట్టుకు దూరంగానే కూర్చున్నారు. తుడిచిన నల్లకళ్లద్దాలను ఒక్క క్షణం పక్కన పెట్టి చూశారు. “ఇంత తెల్లనివా ఇవి!” అన్నారు. కొంతసేపటికి నా వైపు తిరిగి, “నీలిమందు బాగానే పెడుతున్నావు లేమ్మా, నా కళ్లదే తప్పు” అన్నారు.

రెండవ కంటికి కూడా శుక్లం తీశారు. ఇప్పుడు మా ఇంటిలో పూల గిన్నె సగమే నిండుతున్నది. మీ ఇంటిలో కూడా ఈ వసంతంలో చెట్టున నాలుగు పువ్వులు మిగల్చండి. వాటిని చూడవలసినవారు ఇంటి లోపల ఎవరైనా ఉన్నారేమో ఒకసారి పిలిచి చూడండి.