పెద్దవాళ్ల తల మీద మచ్చ... తేలిగ్గా తీసుకోవద్దు!

అమ్మానాన్నలు సింగపూర్ రాగానే బీపీ, షుగర్ చూపిస్తాం. తల మీద కమిలిన మచ్చ కనిపిస్తే మాత్రం "ఎక్కడో తగిలుంటుందిలే" అని బామ్ రాసి ఊరుకుంటాం. చామనఛాయ వాళ్లం, మనకు చర్మ క్యాన్సరేమిటని ధీమా కూడా!

కానీ యాంజియోసార్కోమా అనే అరుదైన క్యాన్సర్ పుట్టేది చర్మానికి రంగునిచ్చే కణాల్లో కాదు, రక్తనాళాల లోపలి పొర కణాల్లో. అందుకే అచ్చం దెబ్బ తగిలి కమిలినట్టే ఉంటుంది. 60 దాటినవారికి ఎక్కువగా తల, ముఖం మీదే వస్తుంది. నొప్పి లేకపోవచ్చు కూడా.

మామూలు దెబ్బ మచ్చ రెండు మూడు వారాల్లో మానాలి. మానకుండా పాకుతుంటే డాక్టరుకు చూపిద్దాం. ఇక్కడ నేషనల్ స్కిన్ సెంటర్ ఉంది. బయాప్సీ చేస్తేనే సంగతి తేలుతుంది. "ఇండియా వెళ్లాక చూద్దాంలే" అని వాయిదా వేస్తే, ఆ నెలలే ప్రాణం మీదికి తేవచ్చు. తలకు నూనె రాసేటప్పుడు పాయలు తీసి ఒక్క నిమిషం చూస్తే మన సొమ్మేం పోతుంది?